ఇది పాటల పెన్‌డ్రైవ్ కాదు

నా తాళంచెవుల గుత్తికి నాలుగు వేలాడుతుంటాయి. ఒకటి ఇంటిది, ఒకటి బండిది, ఒకటి ఆఫీసు బీరువాది. నాలుగోది తాళంచెవి కాదు, బొటనవేలి గోరంత పెన్‌డ్రైవ్. చూసినవాళ్లు “పాటలా?” అని అడుగుతారు. “కాదండీ, కంప్యూటరు” అంటే నవ్వి ఊరుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. మన ఊళ్లో పెన్‌డ్రైవ్ అంటే మొదట్నించీ పాటలే. కారులో పెట్టుకోవడానికి పాటలు, లేదా పక్కింటివాళ్లకి ఇవ్వడానికి ఓ సినిమా. ఈ నాలుగోదాని గురించే ఇవాళ కాసేపు చెబుతాను. వినేవాళ్లకి తెర చూపించలేను కనక మాటల్లోనే చూసుకోవాలి.

మాది హైదరాబాదులో బల్కంపేట. ఎల్లమ్మ గుడి నుంచి అమీర్‌పేట వైపు వచ్చే సందుల్లో ఇళ్లెన్నో హాస్టళ్లూ అన్ని. పొద్దున ఏడింటికల్లా బకెట్ల చప్పుడు, ఎనిమిదింటికి ఇడ్లీ బండి దగ్గర గుంపు, తొమ్మిదింటికి ఆ గుంపంతా సంచులు తగిలించుకుని మైత్రీవనం కోచింగ్ సెంటర్ల వైపు. ఓ ఆదివారం పొద్దున ఎదురు హాస్టల్ కుర్రాడు లాప్‌టాప్‌ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని మా మెట్లెక్కాడు. సూర్యాపేట పిల్లాడు. డిగ్రీ అయ్యాక జావా నేర్చుకుందామని వచ్చాడు.

“అన్నా, రాత్రి మంచిగనే బంద్ చేసిన. పొద్దుగాల లేస్తలేదు.”

తెరంతా నీలం. మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. రిపేర్ చేస్తున్నానంటుంది, ఆరిపోతుంది, మళ్లీ వెలిగి అదే మాట.

“షాపులో చూపించావా?”

“చూపించిన. ఫార్మాట్ కొట్టాలె అంటున్నరు. ఫైల్స్ పోతయట. ప్రాజెక్టు అండ్లనే ఉంది అన్నా. సర్టిఫికెట్లు స్కాన్ చేసినయి గూడ అండ్లనే.”

గుత్తిలోంచి పెన్‌డ్రైవ్ ఊడదీసి గుచ్చాను. పవర్ బటన్ నొక్కి, వెంటనే ఎఫ్12 మీద టకటకా కొట్టాను. నల్లటి తెర మీద చిన్న జాబితా వచ్చింది. లోపలి డిస్కు, నెట్‌వర్కు, యూఎస్‌బీ. మూడోదాని మీద ఎంటర్ కొట్టాను. తెల్లటి అక్షరాల వరసలు జలజలా జారాయి. టీ చల్లారేలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. వైఫై పట్టుకుంది, బ్రౌజరు తెరుచుకుంది. కుర్రాడు లాప్‌టాప్‌ని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. ఫైళ్ల కిటికీ తెరిచి అతని డిస్కు మీద నొక్కితే, పోయాయనుకున్న ఫోల్డర్లన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ప్రాజెక్టు, సర్టిఫికెట్లు, వాళ్ల అక్క పెళ్లి ఫోటోలు. వేరే డిస్కులోకి లాగేశాం.

అప్పుడు వాడో ప్రశ్న వేశాడు. నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో అసలు ప్రశ్న అదే.

“గని పాస్‌వర్డ్ అడగలేదేంది అన్నా?”

దానికి జవాబు చెప్పాలంటే ముందు బటన్ నొక్కగానే ఏం జరుగుతుందో చెప్పాలి. కంప్యూటరు లేచేటప్పుడు ర్యామ్ మొత్తం ఖాళీ, దానికేమీ గుర్తుండదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో మాత్రం కాస్త ప్రోగ్రాం ఎప్పుడూ ఉంటుంది. పాత మెషీన్లలో దాన్ని బయాస్ అనేవాళ్లం, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ. దాన్ని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి. పంపు వేయడం, లైట్లు చూడడం, ఆ తర్వాత తన చేతిలో ఉన్న చీటీ ప్రకారం ఒక్కో తలుపే తట్టడం, అంతే వాడి పని. ఏ తలుపు వెనకాల ఆపరేటింగ్ సిస్టమ్ పలికితే ఇల్లంతా దానికి అప్పగించి పక్కకి తప్పుకుంటాడు. మామూలుగా చీటీలో మొదటి పేరు లోపలి డిస్కుది. ఎఫ్12 కొట్టి మనం చేసిందల్లా, ఈ పూటకి చీటీలో పేరు మార్చడం. విండోస్‌ని ఎవరూ లేపలేదు. లేవని విండోస్ పాస్‌వర్డ్ ఎలా అడుగుతుంది?

అంటే మనం రోజూ కొట్టే పాస్‌వర్డ్ ముందుగది తలుపుకి గడియలాంటిది. డిస్కులోని సరుకుకి అది తాళం కాదు. తాళం వేయాలంటే డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఈ సంగతి విన్నప్పుడు కుర్రాడి మొహంలో సంతోషం పోయి భయం వచ్చింది. హాస్టల్ గదిలో నలుగురుంటారు మరి. ఆ భయం మంచిదే.

ఈ విద్య కొత్తదేం కాదు. జర్మనీ ఇంజనీరు క్లౌస్ క్నాపర్ 2000లో క్నాపిక్స్ అని ఒక సీడీ తయారుచేశాడు. 700 ఎంబీ సీడీలో రెండు జీబీల దాకా ప్రోగ్రాములు కుదించి పెట్టి, ఏ కంప్యూటరులో వేసినా ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేలా చేశాడు. లైవ్ సీడీ అన్న మాట జనం నోళ్లలో పడింది దానివల్లే. తర్వాత ఉబుంటు అనే లినక్స్ రకం వాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్లు. 2011లో ఆపేశారు. ఆ అట్ట కవరు పోస్ట్‌మన్ చేతికిస్తే, విదేశం నుంచి కాబోలనుకుని ఇంట్లోవాళ్లు స్టాంపు చూసేవాళ్లు. నేనూ తెప్పించుకున్నాను. అప్పట్లో అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద మాత్రం వేరే రకం సీడీలు దొరికేవి. ఒరాకిల్, జావా, టెస్టింగ్ టూల్స్ అని స్కెచ్ పెన్నుతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మేవాళ్లు. లైసెన్సు ఊసు ఎత్తినవాణ్ణి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాళ్లు. అదే వీధిలో, హక్కుగా పంచుకోదగ్గ సీడీ సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్లం ఏ పదిమందిమో ఉండేవాళ్లం.

తెలుగులో ఈ పని చేసినవాళ్ల పేరు కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులు, వలంటీర్లు కలిసి లినక్స్ మెనూలన్నీ తెలుగులోకి తెచ్చి, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అని ఇంకోటి. ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగుంది. లినక్స్‌లో తెలుగు మెనూ మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఫైలుకి దస్త్రం అట, ఫోల్డరుకి సంచయం అట. ఊరెళ్లినప్పుడు మా తాతయ్యకి చెప్పాను. ఆయన కరణీకం చేసినవాడు. “దస్త్రాన్ని దస్త్రం అనకపోతే ఏమంటార్రా?” అన్నాడు. ఆయన జీవితమంతా ఎర్ర గుడ్డలో కట్టింది దస్త్రాలనే. ఇక నేనేం మాట్లాడను.

లైవ్ సీడీకి ఒక జబ్బుండేది. ఆపితే అన్నీ మరిచిపోయేది. సూర్య సినిమా గజినీ వచ్చిన రోజులు కాబట్టి మేం దాన్ని గజినీ సీడీ అనేవాళ్లం. పొద్దున రాసుకున్న ప్రోగ్రాం, పెట్టుకున్న వాల్‌పేపరు, కొట్టిన వైఫై పాస్‌వర్డ్, ఆపగానే ఏదీ ఉండదు. సీడీ మీద ఒకసారి రాస్తే రాసినట్టే కదా, కొత్తది ఎక్కదు. పెన్‌డ్రైవ్ వచ్చాక ఈ జబ్బుకి మందు దొరికింది. 2000లో అమ్మకానికి వచ్చిన తొలి పెన్‌డ్రైవులు 8 ఎంబీవి, ఇవాళ్టి రెండు ఫోన్ ఫోటోలకి చాలవు. అవి గుచ్చే రంధ్రం, అదే యూఎస్‌బీ, 1996 నాటిది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్ వడోదరలో చదువుకున్న మనవాడే.

సరే, తయారీ సంగతికొద్దాం. ముందు పెన్‌డ్రైవ్. 16 జీబీ సరిపోతుంది, 32 అయితే ఇబ్బందే లేదు. యూఎస్‌బీ 3 కొనండి. లోపల నాలుక చాలావాటిలో నీలం రంగులో ఉంటుంది, లాప్‌టాప్‌లోనూ నీలం రంధ్రంలోనే గుచ్చండి. ఆపరేటింగ్ సిస్టమ్ అంతా ఈ పుల్ల మీంచే నడవాలి కాబట్టి వేగం తక్కువైతే ప్రాణం విసిగిపోతుంది. రోడ్డు పక్కన రెండు టీబీ అని అచ్చేసి, రెండు బిర్యానీల ధరకి అమ్మేవాటి జోలికి పోకండి. వాటి లోపలి చిప్పు అబద్ధం చెబుతుంది. ఉన్నది ఎనిమిదో పదహారో జీబీ, కంప్యూటరుకి మాత్రం రెండు వేల జీబీ ఉన్నానంటుంది. ఆ కాస్తా నిండాక మీరు పంపేదల్లా గాల్లో కలుస్తుంది, లేదా పాతదాని మీదే పడుతుంది. కాపీ అయిపోయిందనే చూపిస్తుంది, పేర్లు కూడా కనిపిస్తాయి. తెరిస్తే తెలుస్తుంది మోసం. లినక్స్‌లో ఎఫ్3 అని చిన్న ప్రోగ్రాం ఉంది. పెన్‌డ్రైవ్ నిండా రాసి, మళ్లీ చదివి, ఎంత నిజమో ఎంత కోతో చెప్పేస్తుంది.

తర్వాత ఐఎస్ఓ ఫైలు, అంటే లినక్స్ మొత్తం ఉన్న ఫైలు. డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్, ఏదైనా వాళ్ల సొంత సైటు నుంచే దించుకోండి. మూడు జీబీ నుంచి ఆరు జీబీ దాకా ఉంటాయి. మెషీను మరీ పాతదైతే పప్పీ లినక్స్ అని ఉంది, ఒక జీబీ లోపే. బారీ కౌలర్ అనే ఆస్ట్రేలియా పెద్దాయన మొదలుపెట్టి, తన కుక్కపిల్ల పేరు పెట్టుకున్నాడు. హాస్టల్ వైఫై సంగతి మీకు తెలిసిందే, తొంభై శాతం దాకా వచ్చి తెగిపోతుంది, ఫైలు వచ్చినట్టే ఉంటుంది కానీ తోక ఉండదు. అందుకని సైటులో ఐఎస్ఓ పక్కనే 64 అక్షరాలూ అంకెలూ కలిసిన వరస ఒకటి ఇస్తారు. షా256 అంటారు. ఆ ఫైలు వేలిముద్ర అనుకోండి. మన కంప్యూటరులో దించుకున్న ఫైలుకి వేలిముద్ర తీసి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు పారేసి మళ్లీ దించుకోవడమే. ఈ రెండు నిమిషాల పని చేయక రెండు రోజులు తల పట్టుకున్నవాళ్లని చూశాను.

ఇప్పుడు అందరూ బోర్లాపడే చోటు. కుర్రాడు మర్నాడే కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కుని, ఐఎస్ఓ దించుకుని, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగి పడేసి, సాయంత్రం మళ్లీ వచ్చాడు.

“కాపీ కొట్టిన అన్నా. బూట్ అయితలేదు.”

కాదు మరి. ఇంటి ప్లాను గీయించి, ఆ కాగితం తీసుకెళ్లి స్థలం మధ్యలో పెట్టి, మీద రాయి పెట్టి వచ్చి, గృహప్రవేశం ఎప్పుడని అడిగితే ఎలా? ఐఎస్ఓ అన్నది ఒక డిస్కు మొత్తానికి తీసిన నకలు. ఎక్కడ ఏ భాగం ఉండాలి, వాచ్‌మన్ తలుపు తడితే ముందు పలకాల్సింది ఎవరు, అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని పెన్‌డ్రైవ్ మొదటి గడి నుంచి విప్పి పరచాలి. పరిచేటప్పుడు అందులో అంతకుముందున్నవన్నీ పోతాయి. ఈ మాట రెండుసార్లు చెప్పమన్నా చెబుతాను, అన్నీ పోతాయి.

విండోస్‌లో ఈ పనికి రూఫస్ అని చిన్న ప్రోగ్రాం ఉంది. 2011 నుంచీ ఉంది, ఉచితం. పైన పెన్‌డ్రైవ్ పేరు, కింద ఐఎస్ఓ పేరు చూపించి స్టార్ట్ నొక్కడమే. ఎచర్ అని ఇంకోటి, అందులో తప్పు చేయడం ఇంకా కష్టం. 2020లో వచ్చిన వెంటాయ్ పద్ధతి వేరు. ఒకసారి పెన్‌డ్రైవ్‌ని దానితో సిద్ధం చేసుకుంటే, ఆ తర్వాత మా కుర్రాడు చేసినట్టే ఐఎస్ఓలు ఊరికే కాపీ చేసి పడేయొచ్చు. నాలుగైదు పెట్టుకున్నా సరే, లేచేటప్పుడు ఏది కావాలని అడుగుతుంది. ఈ మాట చెబితే “జర ముందుగాల చెప్పొచ్చు గదన్నా” అన్నాడు. మొదటిసారి కష్టపడి తెలుసుకుంటేనే గుర్తుంటుందని నా చాదస్తం.

లినక్స్ వాళ్లకి ఇవేవీ అక్కర్లేదు, డీడీ అని రెండక్షరాల కమాండు ఉంది. డిస్క్ డెస్ట్రాయర్ అని దానికి ముద్దుపేరు. ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు 2009లో తెలిసింది. అప్పుడు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. సాయంత్రం బ్యాచికి లైవ్ పెన్‌డ్రైవ్‌లు పది తయారు చేయాలి. మెషీనుకి ఒక పక్క పెన్‌డ్రైవ్, ఇంకో పక్క మా సారు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. లినక్స్‌లో డిస్కులకి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పేర్లొస్తాయి. ఆరు పెన్‌డ్రైవ్‌లు అయ్యాయి, అలవాటుగా చెయ్యి ఆడుతోంది. ఏడోదానికి ఎస్‌డీసీ అనాల్సిన చోట ఎస్‌డీబీ కొట్టి ఎంటర్ నొక్కాను. డీడీ ఏమీ అనదు. నిజమా అని అడగదు, ఇంత అయిందని చెప్పదు. కర్సరు ఒకటి మినుకు మినుకుమంటూ ఉంటుంది. నేను టీ కప్పు అందుకుంటూ పెన్‌డ్రైవ్ లైటు వైపు చూశాను. వెలగడం లేదు. పక్కకి చూస్తే సారు హార్డ్‌డిస్కు మీద నీలం లైటు గబగబా కొట్టుకుంటోంది.

కంట్రోల్ సీ కొట్టి ఆపాను. నాలుగు సెకన్లు పట్టిందో ఐదో. డిస్కు మొదట్లో ఉండే విషయసూచిక పోవడానికి అంత అక్కర్లేదు. మూడేళ్ల క్లాసు నోట్సు అందులో ఉంది. రెండు రాత్రులు కూర్చుని రికవరీ ప్రోగ్రాములతో చాలావరకు తవ్వి తీశాను గానీ, ఫైళ్ల పేర్లన్నీ పోయాయి. ఒకటి, రెండు, మూడు అని వేల ఫైళ్లు. ఏది ఏ పాఠమో తెరిచి చూసి పేరు పెట్టే పని నాకే పడింది, న్యాయమే. అప్పట్నించీ నాది ఒకటే పద్ధతి. పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేదీ తగిలించి ఉండకూడదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అన్న కమాండు కొట్టి, డిస్కుల పేర్లూ సైజులూ పైకి చదవాలి, నిజంగా నోటితో. పదహారు జీబీ ఏదో చెవిన పడ్డాకే ఎంటర్. అయిపోయాక కూడా వెంటనే పీకకూడదు, సింక్ అని కొట్టి అది తిరిగొచ్చేదాకా ఆగాలి. రాయాల్సింది ఇంకా ర్యామ్‌లోనే మిగిలి ఉండొచ్చు.

బూట్ చేసేటప్పుడు నొక్కాల్సిన మీట కంపెనీకొకటి. డెల్, లెనోవో అయితే ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీ అయితే ఎస్కేప్ గానీ ఎఫ్9 గానీ. నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. డెబియన్, ఉబుంటు, ఫెడోరా దాన్ని ఆపకుండానే లేస్తాయి. విండోస్ లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ తాళం వేసి ఉన్నప్పుడు, మనం సెట్టింగులు కెలికితే అది ఉలిక్కిపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో సొంతదారుకే తెలియదు. అన్నట్టు, డిస్కుకి బిట్‌లాకర్ ఉంటే నా పెన్‌డ్రైవ్ పప్పులు ఉడకవు, కీ లేకుండా లోపల ఒక్క ఫైలు కనిపించదు. కుర్రాడి లాప్‌టాప్‌కి లేకపోవడం వాడి అదృష్టం ఆ రోజుకి. ఇంకొకటి. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కినా ఫాస్ట్ స్టార్టప్ పుణ్యమా అని అది సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ డిస్కుని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. పేషెంటు డిస్కు మీద మనం రాయాల్సిన పని కూడా లేదు, తీసుకుని బయటపడడమే.

గజినీ జబ్బుకి మందు అన్నాను కదా, దాని పేరు పర్సిస్టెన్స్. రూఫస్‌లో ఉబుంటు, డెబియన్ లాంటివాటికి ఒక గీటు మీద మీట కనిపిస్తుంది, దాన్ని కుడి వైపుకి జరిపితే పెన్‌డ్రైవ్‌లో కొంత చోటు జ్ఞాపకాల కోసం కేటాయిస్తుంది. సినిమాలో హీరో ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకున్నట్టు, అసలు సిస్టమ్ ఎప్పటిలాగే ఉంటుంది, మీరు చేసిన మార్పులు మాత్రం దాని మీద పొరలా నిలుస్తాయి. కుర్రాడికి అలాగే చేసిచ్చాను. జావా, ఎడిటరు, తెలుగు కీబోర్డు, వాడి ప్రోగ్రాములు, అన్నీ అందులోనే. లాప్‌టాప్ రిపేరు నుంచి తిరిగొచ్చేలోపు రెండు నెలలు వాడు ఎవరి మెషీను ఖాళీగా ఉంటే దాని మీద కూర్చున్నాడు. గుచ్చితే వాడి బల్ల, పీకితే వాళ్లది వాళ్లకే. హాస్టల్లో మంచం ఎవరిదైనా దుప్పటి మనదైనట్టు. ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో మాత్రం ముందు అడగమన్నాను. అడగకుండా పక్కవాడి కంప్యూటరుని పెన్‌డ్రైవ్ మీంచి లేపితే, వాడి ఫైళ్లన్నీ ఆరబోసినట్టు ఎదురుగా ఉంటాయి. అది సహాయమూ కాదు, విద్యా కాదు.

జ్ఞాపకం ఉన్న పెన్‌డ్రైవ్ పోతే మాత్రం గుండె గుభేలుమంటుంది. మెట్రో మెట్ల మీద తాళాల గుత్తి జారిపోవడానికి ఎంతసేపు? అందుకని ఆ జ్ఞాపకాల భాగానికి ఎన్‌క్రిప్షన్ తాళం వేయించాను. చవక పెన్‌డ్రైవ్‌లు పదే పదే రాస్తే తొందరగా అరిగిపోతాయి కూడా. రోజంతా దీని మీదే బతకాలనుకునేవాళ్లు చిన్న ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ డబ్బాలో వేసుకుని, దాని మీద పూర్తిగా ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలు. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ టు గో అని 2012లో ఇలాంటిదే తెచ్చింది, కంపెనీల కోసం. 2020లో మానేసింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయాక, 11 ఎక్కని లాప్‌టాప్‌లు హాస్టళ్లలో గుట్టలున్నాయి. వాటిని అమ్ముకునేముందు ఒకసారి పెన్‌డ్రైవ్ మీంచి లినక్స్ లేపి చూడండి. వైఫై, సౌండు, కెమెరా పనిచేస్తే ఇంకో నాలుగేళ్లు లాగించొచ్చు. డిస్కు మీద గీత కూడా పడదు.

ఈ పెన్‌డ్రైవ్ పనికొచ్చిన ఇంకో చోటు పంజాగుట్ట. అమీర్‌పేట తర్వాతి మెట్రో స్టేషనే. అక్కడ నిమ్స్ ఆస్పత్రి దగ్గరి సందులో నాకు తెలిసిన ఒక జిరాక్స్ షాపుంది. పేషెంట్ల తాలూకు జనం జిల్లాల నుంచి వస్తారు. రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితాలు. కొంత వాట్సాప్‌లో, కొంత పెన్‌డ్రైవ్‌లో. ఒకసారి నేనక్కడ ప్రింటు తీయించుకుని పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ మాయం, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు. మీలో చాలామందికి అనుభవమే. అసలు ఫోల్డర్లని దాచేసి, వాటి బదులు షార్ట్‌కట్‌లు పెట్టి, నొక్కగానే ఆ కంప్యూటరులోకీ దూరే వైరస్. షాపాయనకి చెప్పాను.

“ఏం జేయాలె సార్, పొద్దుగాల సాఫ్ జేపిస్త, మాపటికల్ల మళ్ల వస్తది. రోజుకి వందమంది గుచ్చుతరు.”

లినక్స్ పెట్టుకో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. తెలుగు టైపింగు అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్లో. అర్జీలు, కార్డులు, ఫ్లెక్సీలు, అన్నీ అందులోనే. యూనికోడ్ తెలుగు వేరు, ఆ తెలుగు వేరు, అది లినక్స్‌లో నడవదు. అది లేకపోతే ఆయన షాపు మూసుకోవాల్సిందే. నేను వాదించలేదు. అన్నిటికీ లినక్సే మందని చెప్పే వయసు దాటిపోయింది.

ఆయన దగ్గర రెండు మెషీన్లున్నాయి. టైపింగ్ మెషీను జోలికి పోలేదు. రెండోది, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చేది, పాతది. దాని డబ్బా విప్పి హార్డ్‌డిస్కు వైరు పీకేశాం. లోపల ఇక డిస్కే లేదు. వెనకాల రంధ్రంలో లైవ్ పెన్‌డ్రైవ్ గుచ్చాం. దీనికి మాత్రం పర్సిస్టెన్స్ పెట్టలేదు, కావాలనే. కుర్రాడికి గుర్తుండడం కావాలి, ఈయనకి మరిచిపోవడం కావాలి. రోజంతా ఎవరెవరి ఆధార్లో, ఎవరి రక్తపరీక్షలో, ఏ స్కాను రిపోర్టో ఆ తెర మీద తెరుచుకుంటాయి. రాత్రి స్విచ్ కట్టేస్తే ఒక్కటీ మిగలదు. వాట్సాప్ లాగిన్ కూడా పోతుంది. పొద్దున మళ్లీ ఫోను చూపించి స్కాన్ చేసుకోవాలి, అదొక్కటే ఆయన విసుగు. ప్రింటర్లలో కొత్తదాన్ని అది తనంతట తానే గుర్తుపట్టింది. పాతదానికి డ్రైవరు రోజూ ఎక్కించాల్సి వచ్చేట్టుంది, దాన్ని టైపింగ్ మెషీనుకే వదిలేశాం.

మొదటి రోజు ఒక పెద్దావిడ పెన్‌డ్రైవ్ ఇచ్చింది, కొడుకు సీటీ స్కాను కాగితాలు అందులో ఉన్నాయంటూ. తెరిస్తే షార్ట్‌కట్‌ల పుట్ట. షాపాయన అలవాటుగా దాని మీద నొక్కాడు, నొక్కి నాలిక కరుచుకున్నాడు. ఏమీ కాలేదు. అది విండోస్ కోసం రాసిన మాయ, ఇక్కడ దాని మాట వినేవాళ్లు లేరు. విండోస్‌లో దాచినది లినక్స్‌లో దాగదు. అసలు ఫోల్డరు అక్కడే కనిపించింది, అందులో కాగితాలు భద్రంగా ఉన్నాయి. ఆవిడ ప్రింట్లు తీసుకుని, లెక్క కట్టి చిల్లర ఇచ్చి, గబగబా రోడ్డు దాటి ఆస్పత్రి గేటులోకి వెళ్లిపోయింది.

పోయిన నెల అటు వెళ్లినప్పుడు చూశాను. మెషీను వెనకాల పెన్‌డ్రైవ్ మీద, పక్క మందుల షాపులో తెచ్చిన తెల్ల ప్లాస్టరు చుట్టి ఉంది. దాని మీద బాల్‌పెన్నుతో వంకర టింకరగా రాసి ఉంది: ఇది పాటలది కాదు, పీకొద్దు. ఎందుకని అడిగితే, షాపులో పనిచేసే పిల్లాడు ఆటోవాళ్లకి పాటలు ఎక్కించడానికి రెండుసార్లు దాన్నే పీకి పట్టుకుపోయాడట.